ఇంజను మార్చిన వ్యాను: తీగలు చెప్పే నిజం, తీగలు చెప్పే అబద్ధం

జూన్ నెల మధ్యాహ్నం. మస్కట్ నగరంలోని అల్ ఖువైర్‌లో ఒక అపార్టుమెంటు వెనుక నీడలో పాత వ్యాను ఒకటి నిలిచి ఉన్నది. బయట ఎండ 45 డిగ్రీలు దాటింది. ఆ వ్యానుకు ఇటీవలనే వేరొక ఇంజను అమర్చారు. దాని కంప్యూటరుకు అరచేతిలో ఇమిడే స్కాన్ పరికరాన్ని తగిలించి చూడగా, ఇంజనులోని నీటి ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలని కనబడింది! సెంటీగ్రేడులోను, ఫారెన్‌హీటులోను ఒకే అంకెగా ఉండే ఉష్ణోగ్రత అది. సైబీరియా శీతకాలానికి తగిన ఈ అంకె ఒమన్ ఎండలో ఎక్కడినుంచి వచ్చింది?

ఇది ఏ ఒక్క ఇంట జరిగిన కథా కాదు. ఇంజను మార్చిన బండ్లతో కుస్తీ పట్టే వారందరికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే దృశ్యమే. దీనిని చూసి కంగారు పడనవసరం లేదు. ఎక్కడో ఒక తీగ తెగిందని కంప్యూటరు తనకు తెలిసిన భాషలో చెబుతున్నది, అంతే. భయపడవలసిన అంకె వేరే ఉన్నది. చూడడానికి అది ఎంతో సాధువుగా ఉంటుంది. ఆ అంకె ఏమిటో, అది ఎట్లా పుడుతుందో, దానిని ఎట్లా పట్టుకోవచ్చునో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాత గుండె, కొత్త గుండె

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లను గొలుసు కప్పీతో దించి మరొకదానిని ఎక్కించడం చూసిన వారికి ఇంజను మార్పిడి క్రొత్త విషయమేమీ కాదు. గల్ఫ్ దేశాలలోనూ ఇది ఉన్నదే. షార్జాలోని పాత విడిభాగాల అంగళ్ళలో జపాను నుంచి దిగుమతి అయిన వాడిన ఇంజన్లు వరుసగా పేర్చి ఉంటాయి. బండి శరీరం గట్టిగా ఉండి ఇంజను మాత్రం అరిగిపోయినపుడు, క్రొత్త బండి కొనడం కంటే ఇంజను మార్చడం చవుక అనిపించడం సహజం.

ఐతే కార్బురేటరు కాలం నాటి మార్పిడికి, నేటి మార్పిడికి పోలిక లేదు. ఆనాటి ఇంజనుకు పట్టుమని పది తీగలు కలిపితే చాలు: స్టార్టరుకు ఒకటి, ఆల్టర్నేటరుకు రెండు, ఇగ్నిషన్ కాయిలుకు ఒకటి, ఆయిలు దీపానికి ఒకటి, నీటి వేడిమి చూపే ముల్లుకు ఒకటి. పెట్రోలు ఎంత కలవాలో కార్బురేటరులోని సన్నని రంధ్రాలే నిర్ణయించేవి. ఇంధనాన్ని ఇంజెక్టర్ల ద్వారా చిమ్మే ఇంజనులో ఆ నిర్ణయం కంప్యూటరుది. దీనినే ఇ.సి.యు. అంటారు. క్రాంకు ఏ స్థితిలో ఉన్నది, ఎంత గాలి లోపలికి పోతున్నది, డ్రైవరు కాలు ఎంత నొక్కింది, పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలింది, నీరు ఎంత వేడెక్కింది అన్న సంగతులన్నీ సెన్సార్లు తెలుపుతుంటేనే అది పనిచేయగలదు. కండరాలను బోల్టులతో బిగించవచ్చు. నాడులను మాత్రం ఒక్కొక్కటిగా కలపవలసిందే.

గల్ఫ్‌లో ఎక్కువగా కనబడే టొయోటా హైయేస్‌నే ఉదాహరణగా తీసుకొందాం. దాని నాలుగవ తరం 1989లోను, ఐదవ తరం 2004లోను వెలువడ్డాయి. రెండింటిలోనూ ఇంజను ముందు సీట్ల క్రిందనే ఉంటుంది. కారులో వలె ముందు భాగాన విశాలమైన అర ఉండదు. కనుక ఇంజను మార్చినపుడు తీగల కట్ట అంతా ఎగ్జాస్టు గొట్టానికి దగ్గరగా, గాలి ఆడని ఇరుకు తావులో నడుస్తుంది. పైన ఎండ, క్రింద కాలిన తారు, నడుమ ఇంజను. తీగకు ఇంతకంటే కఠినమైన పరీక్ష మరొకటి ఉండదు.

కంప్యూటరు కంటికి కనబడేది

కంప్యూటరుకు వేడి తెలియదు. దానికి తెలిసినది వోల్టేజి మాత్రమే. నీటి వేడిని కొలిచే సెన్సారులో థర్మిస్టరు అనే చిన్న బిళ్ళ ఉంటుంది. కొన్ని లోహాల ఆక్సైడులను కలిపి కాల్చి దానిని తయారు చేస్తారు. మామూలు లోహపు తీగకు వేడెక్కే కొద్దీ విద్యున్నిరోధం పెరుగుతుంది. ఈ బిళ్ళకు వేడెక్కే కొద్దీ నిరోధం తగ్గుతుంది. సాధారణంగా వాడే ఒక రకం సెన్సారుకు 20 డిగ్రీల వద్ద నిరోధం దాదాపు 2,450 ఓములు. 80 డిగ్రీల వద్ద 320 ఓములు. 110 డిగ్రీలకు చేరేసరికి అది సుమారు 147 ఓములకు దిగిపోతుంది.

కంప్యూటరు తన లోపలి 5 వోల్టుల నుంచి ఒక స్థిర నిరోధం గుండా ఈ సెన్సారుకు విద్యుత్తును పంపి, సెన్సారు వద్ద ఎంత వోల్టేజి నిలిచిందో చూస్తుంది. ఆ స్థిర నిరోధం 2,700 ఓములని అనుకొంటే, నీరు 80 డిగ్రీల వద్ద ఉన్నపుడు కనబడేది సుమారు 0.53 వోల్టు. వోల్టేజి ఎక్కువైతే చల్లగా ఉన్నట్లు, తక్కువైతే వేడిగా ఉన్నట్లు లెక్క. ఇప్పుడు తీగ పూర్తిగా తెగిందనుకొందాం. విద్యుత్తు పోయే దారి లేదు కనుక 5 వోల్టులూ అట్లాగే నిలిచిపోతాయి. కంప్యూటరు దృష్టిలో అది ఊహకందని చలి. స్కాన్ పరికరానికి పంపే భాషలో ఉష్ణోగ్రతకు 40 కలిపి ఒక సంఖ్యగా పంపాలని నియమం ఉన్నది. 90 డిగ్రీలైతే 130 అని పంపుతారు. ఆ సంఖ్య సున్నా అయితే ఉష్ణోగ్రత మైనస్ 40. అంతకంటే క్రిందికి చెప్పడానికి ఆ భాషలో అంకె లేదు. అల్ ఖువైర్‌లో సైబీరియా చలి కనబడడంలోని రహస్యం ఇదే. ఇందుకు భిన్నంగా, తీగ ఎక్కడైనా ఒరుసుకొని ఇనుప శరీరానికి తగిలితే వోల్టేజి సున్నా అవుతుంది. అప్పుడు 140 డిగ్రీలు, లేదా అంతకు మించి కనబడుతుంది.

ఈ రెండు సందర్భాలలోనూ కంప్యూటరు మోసపోదు. ఇది అసంభవమని గ్రహించి, హెచ్చరిక దీపం వెలిగించి, ఒక దోషసంకేతాన్ని జ్ఞాపకంలో వ్రాసుకొంటుంది. తెగిన తీగకు పి0118, భూమికి తగిలిన తీగకు పి0117.

ఇక అసలు ప్రమాదం. తీగ తెగలేదు, తగలలేదు. మధ్యలోని ఒక అతుకు మాత్రం తుప్పు పట్టి, 100 ఓముల నిరోధాన్ని అదనంగా చేర్చింది. నీరు నిజంగా 110 డిగ్రీలకు చేరింది. సెన్సారు 147 ఓములు చూపుతున్నది. అతుకు నిరోధం కలిసి కంప్యూటరుకు కనబడేది 247 ఓములు. ఆ నిరోధానికి సరిపోయే ఉష్ణోగ్రత సుమారు 89 డిగ్రీలు. వోల్టేజిలో తేడా 0.16 వోల్టు మాత్రమే. ఉష్ణోగ్రతలో తేడా 21 డిగ్రీలు!

89 డిగ్రీలు ఆరోగ్యవంతమైన ఇంజనుకు ఉండవలసిన వేడి. కనుక దీపం వెలగదు. దోషసంకేతం ఉండదు. కంప్యూటరు అదుపులో తిరిగే విద్యుత్ ఫ్యాను ఉంటే, దానికి తిరగమనే ఆజ్ఞ ఆలస్యంగా అందుతుంది. లోపల మాత్రం నీరు మరిగే దిశగా పోతుంటుంది. అల్యూమినియం సిలిండరు హెడ్ వంకర పోయి గాస్కెట్ పగిలేవరకూ ఎవరికీ తెలియదు. ముందు చెప్పిన సాధువైన అంకె ఇదే.

ఇంకొక చిక్కు ఉన్నది. ఇదే అతుకును ఉదయం ఇంజను చల్లగా, 35 డిగ్రీల వద్ద ఉన్నపుడు పరీక్షిస్తే, సెన్సారు నిరోధం సుమారు 1,370 ఓములు ఉంటుంది. దానిలో 100 ఓములు కలిసినా రెండు డిగ్రీల తేడాయే వస్తుంది. అంటే ఈ దోషం చల్లగా ఉన్నపుడు దాగి, వేడెక్కినపుడే బయటపడుతుంది. షెడ్డులో సవ్యంగా కనబడిన బండి ఎడారి రోడ్డు మీద మోసం చేయడానికి కారణం ఇదే.

రాగి చిలుము, తగరపు పొడి

ఆ 100 ఓములు ఎక్కడినుంచి వస్తాయి? రాగి పాత్రలు వాడిన ఇళ్ళలో దీనికి జవాబు ఎప్పుడో తెలుసు. రాగి చెంబును నాలుగు రోజులు తోమకపోతే నల్లబడుతుంది. ఉప్పు తగిలితే పచ్చని చిలుము పడుతుంది. నలుపు రాగి ఆక్సైడు. ఉప్పు వల్ల వచ్చే పచ్చదనంలో ప్రధానమైనది క్షారగుణం కలిగిన రాగి క్లోరైడు. చింతపండుతో తోమితే అది పోవడానికి చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగించడమే కారణం. చిలుము రాగి వలె విద్యుత్తును పోనివ్వదు.

అల్ ఖువైర్ సముద్రానికి దగ్గరగా ఉన్నది. వేసవి రాత్రులలో గాలి తేమతో నిండి ఉంటుంది. ఆ తేమలో ఉప్పు ఉంటుంది. మస్కట్‌కు ఆగ్నేయంగా సముద్రతీరాన ఉన్న ఖురయ్యాత్ పట్టణంలో 2018 జూన్ 26న ఇరవై నాలుగు గంటలపాటు ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకు తగ్గనే లేదు. పగటి వేడి సంగతి అటుంచి, రాత్రి కూడా లోహానికి విశ్రాంతి లేదన్నమాట. పది డిగ్రీలు పెరిగితే రసాయనిక చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందనే స్థూల సూత్రాన్ని రసాయన శాస్త్ర విద్యార్థులందరూ చదివే ఉంటారు. చల్లని దేశంలో పదేళ్ళు నిలిచే అతుకు ఇక్కడ అందులో నాలుగవ వంతు కాలం కూడా నిలవకపోవచ్చు.

తీగల కొసలకు తొడిగే ప్లగ్గులు కూడా ఊపిరి పీలుస్తాయి. ఇంజను నడుస్తున్నపుడు ప్లగ్గు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి బయటికి పోతుంది. ఇంజను ఆపగానే మిగిలిన గాలి సంకోచించి, బయటి తేమను లోపలికి లాగుకొంటుంది. రబ్బరు సీలు ఎండి పగిలి ఉంటే ప్రతి సాయంకాలమూ ఒక గుక్క ఉప్పు తేమ లోపలికి చేరినట్లే.

రెండవ శత్రువు కుదుపు. ప్లగ్గులోని లోహపు కొసలకు చాలా వరకు తగరం పూత ఉంటుంది. తగరంపై పలుచని ఆక్సైడు పొర సహజంగానే ఉంటుంది. ప్లగ్గును మొదట నొక్కినపుడు అది పగిలి, లోహానికి లోహం తగులుతుంది. ఇంజను అదురుకు ఆ రెండు కొసలు వెంట్రుక మందంలో అతి స్వల్ప భాగమంత దూరం అటూ ఇటూ కదులుతుంటాయి. కదిలిన ప్రతిసారీ క్రొత్త తగరం బయటపడి మళ్ళీ ఆక్సైడవుతుంది. లక్షలాది కదలికల తర్వాత నల్లని ఆక్సైడు పొడి మధ్యలో పేరుకొని విద్యుత్తుకు అడ్డుపడుతుంది. హెడ్‌లైట్ల తీగలో ఆంపియర్ల కొద్దీ పారే విద్యుత్తు ఇట్టి పలుచని పొరను ఛేదించుకొని పోగలదు. సెన్సారు తీగలో పారేది ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లే. దానికి ఆ శక్తి లేదు. దీపాలు దేదీప్యమానంగా వెలుగుతూ ఉండగా సెన్సారు అబద్ధం చెప్పడానికి ఇదే కారణం.

మూడవది తీగ తొడుగు. మామూలు పి.వి.సి. తొడుగును మెత్తగా ఉంచేది దానిలో కలిపిన ప్లాస్టిసైజరు అనే ద్రవం. వేడికి అది మెల్లగా ఆవిరైపోతుంది. ఆ తర్వాత తొడుగు బిరుసెక్కి, వంచిన చోట చిట్లుతుంది. ఇంజను దగ్గర 125 డిగ్రీల వరకు తట్టుకొనే క్రాస్‌లింక్డ్ పాలిథీన్ తొడుగు గల తీగను వాడడం మేలు. ఇంటి వైరింగులో మిగిలిన తీగ ముక్కలు ఇక్కడ పనికిరావు.

తీగను నడిపే తీరు

కారణాలు తెలిసిన తర్వాత పద్ధతి కష్టం కాదు. మొదటి నియమం: ఇంజనుతో బాటు దాని పూర్తి తీగల కట్ట, కంప్యూటరు, యాక్సిలరేటరు పెడలు, తాళంచెవి కూడా కోయకుండా తెచ్చుకోవాలి. చాలా ఇంజన్ల కంప్యూటర్లు తమకు పరిచయమైన తాళంచెవి లేనిదే ఇంజనును నడవనివ్వవు. కోసిన ప్రతి తీగా ఒక క్రొత్త అతుకు. ప్రతి అతుకూ చిలుముకు ఒక ఆహ్వానం.

పొడిగించక తప్పని చోట అతుకును సరియైన పనిముట్టుతో నొక్కి బిగించాలి. దీనినే క్రింపింగు అంటారు. సరిగ్గా నొక్కినపుడు తీగ పోగులు, గొట్టపు లోహం ఒకదానికొకటి అంటుకొని నడుమ గాలికి చోటు ఉండదు. గాలి లేనిచోట తుప్పు లేదు. దానిపై లోపల జిగురు పూసి ఉన్న వేడికి ముడుచుకొనే గొట్టాన్ని తొడగాలి. మైనం వలె కరిగే సీసపు అతుకు, అంటే సోల్డరింగు, రేడియోలలో శ్రేష్ఠమే కాని అదిరే ఇంజను దగ్గర దానికి ఒక లోపమున్నది. కరిగిన లోహం పోగుల మధ్య పైకి ప్రాకి తీగను కొంతమేర కడ్డీగా మారుస్తుంది. ఆ కడ్డీ ముగిసి మెత్తని తీగ మొదలయ్యే చోట కుదుపుకు పోగులు తెగుతాయి.

సోల్డరింగుకు అసలే పనికిరానిది ప్రాణవాయువు సెన్సారు తీగ. దీని కథ ఆసక్తికరమైనది. బాష్ సంస్థ తయారుచేసిన ఈ సెన్సారు 1976లో వోల్వో కార్లలో మొదటిసారి మార్కెట్టుకు వచ్చింది. దానిలో జిర్కోనియా అనే పింగాణీ వంటి పదార్థం ఉంటుంది. బాగా వేడెక్కినపుడు అది ప్రాణవాయువు అయాన్లను తనగుండా పోనిస్తుంది. ఒక ప్రక్క బయటి గాలి, మరొక ప్రక్క ఇంజను పొగ. రెండింటిలోని ప్రాణవాయువు నిష్పత్తిని బట్టి వోల్టేజి పుడుతుంది. 1920వ సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి పొందిన వాల్టర్ నెర్న్‌స్ట్ పేరుతో ప్రసిద్ధమైన సమీకరణం ప్రకారం, 700 డిగ్రీల వద్ద పొగలో నూటికి ఒక వంతు ప్రాణవాయువు ఉంటే వచ్చేది సుమారు 0.06 వోల్టు. పెట్రోలు ఎక్కువై ప్రాణవాయువు దాదాపు శూన్యమైనపుడు వచ్చేది 0.8 వోల్టుకు పైగా. ఇక్కడొక విశేషమున్నది. చాలా సెన్సార్లలో పోల్చి చూడడానికి కావలసిన బయటి గాలి, తీగ తొడుగు లోపల పోగుల సందులలోనుంచే లోనికి చేరుతుంది. అంటే ఆ తీగ విద్యుత్తునే కాక ఊపిరిని కూడా మోస్తున్నది. సోల్డరుతో మూసినా, గ్రీజుతో నింపినా సెన్సారుకు ఊపిరి ఆగుతుంది; అది చెప్పే మాట తప్పుతుంది. కొన్ని రకాల సిలికోను జిగుర్ల ఆవిరి కూడా ఇంజనులో కాలి, ఇసుక వంటి సిలికాగా మారి, సెన్సారు ముఖాన్ని కప్పివేస్తుంది. కనుక డబ్బాపై సెన్సార్లకు హాని చేయదని ఉన్న జిగురునే వాడాలి.

రెండవ నియమం భూమి తీగకు సంబంధించినది. ఆల్టర్నేటరు నుంచి 60 ఆంపియర్లు ప్రవహిస్తున్నపుడు, ఇంజనుకు శరీరానికి మధ్య ఉన్న భూమి పట్టీలో 0.005 ఓము నిరోధం ఉన్నా చాలు, 0.3 వోల్టు తేడా వస్తుంది. మొత్తం 0.8 వోల్టు కథ చెప్పే ప్రాణవాయువు సెన్సారుకు ఇది చిన్న తేడా కాదు. అందుచేత సెన్సార్ల భూమి తీగను దగ్గరలోని బోల్టుకు బిగించరాదు. అన్నింటినీ కంప్యూటరు నిర్దేశించిన సెన్సారు భూమి కొసకే తిరిగి తీసుకొని పోవాలి. ఇంజనుకు, శరీరానికి, బ్యాటరీకి మధ్య మాత్రం రంగు గీకిన శుభ్రమైన లోహం మీద లావుపాటి పట్టీలు బిగించాలి.

మూడవది, చప్పుడు. క్రాంకు సెన్సారు ఎదుట ఒక పళ్ళచక్రం తిరుగుతుంటుంది. చాలా టొయోటా ఇంజన్లలో 36 పళ్ళుండవలసిన చోట 34 మాత్రమే ఉంటాయి. ఆ ఖాళీని గుర్తుగా చేసుకొని క్రాంకు స్థితిని కంప్యూటరు లెక్కిస్తుంది. స్టార్టరు తిప్పుతున్నపుడు ఇక్కడ పుట్టే విద్యుత్తు అతి స్వల్పం. దాని ప్రక్కనే వేల వోల్టుల ఇగ్నిషన్ తీగ నడిస్తే, లేని పన్ను ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. కనుక ఈ తీగలను లోహపు అల్లిక గల తొడుగులో నడిపి, ఆ అల్లికను ఒక కొసన మాత్రమే భూమికి కలపాలి. ఇగ్నిషన్ తీగను దాటక తప్పని చోట అడ్డంగా దాటించాలి, సమాంతరంగా నడపరాదు.

వ్యాధి నిర్ణయ ద్వారం

డాక్టరు నాడి పట్టి చూసినట్లు, కంప్యూటరు చెప్పేది వినడానికి స్టీరింగు క్రింద ఒక సాకెట్టు ఉంటుంది. పొగ కాలుష్యంతో సతమతమైన కాలిఫోర్నియా రాష్ట్రం 1988 నమూనాల నుంచి కార్లు తమ దోషాలను తామే గుర్తించి చెప్పాలని నిర్బంధించింది. ఐతే ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క భాష. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నింటికీ ఒకే ఆకారపు 16 కొసల సాకెట్టు, ఒకే విధమైన సంకేతాలు అమలయ్యాయి. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001లో ఇదే వచ్చింది. భారతదేశంలో 2010 దశకంలో దశల వారీగా ప్రవేశించింది.

ఇంజను మార్చిన వ్యానుకు ఈ సాకెట్టును క్రొత్తగా అమర్చడం పెద్ద పని కాదు. 16వ కొసకు బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా విద్యుత్తు, 4వ కొసకు శరీరపు భూమి, 5వ కొసకు సంకేతాల భూమి కలపాలి. 6, 14 కొసలకు కాన్ అనే పద్ధతిలోని రెండు సంకేతపు తీగలు వస్తాయి. ఇంతకు ముందు తరం ఇంజన్లయితే 7వ కొసకు కె-లైను అనే ఒంటి తీగ వస్తుంది. ఇంజను ఏ దేశపు మార్కెట్టు కొరకు తయారయిందో, దాని కంప్యూటరు ఏ భాష మాట్లాడుతుందో ముందుగా దాని వైరింగు పటంలో చూసుకోవాలి. సాకెట్టు ఆకారం ఒకటే ఐనంత మాత్రాన భాష ఒకటి కానవసరం లేదు.

కాన్ పద్ధతిని బాష్ సంస్థ 1986లో డెట్రాయిట్‌లో లోకానికి ప్రకటించింది. దీనిలో రెండు తీగలను జడ వలె మెలివేసి నడుపుతారు. ఒకదానిలో వోల్టేజి పెరిగినపుడు మరొకదానిలో అంతే తగ్గుతుంది. బయటి చప్పుడు రెండింటినీ సమానంగా తాకుతుంది కనుక, తేడాను మాత్రమే చూసే కంప్యూటరుకు అది వినబడదు. మెలిక విప్పితే ఈ రక్షణ పోతుంది. ఈ జంట తీగల రెండు కొసలలోనూ 120 ఓముల నిరోధాలు ఉండాలి. లేకపోతే నూతిలో అరిచిన కేక తిరిగి ప్రతిధ్వనించినట్లు సంకేతం కొసను తాకి వెనుకకు వచ్చి క్రొత్త సంకేతాన్ని చెరుపుతుంది.

ఇంజను మార్పిడిలో తరచు జరిగే పొరపాటు ఇక్కడే ఉన్నది. చాలా బండ్లలో ఆ నిరోధాలలో ఒకటి ఇంజను కంప్యూటరులో, రెండవది వేగం చూపే మీటరులోనో, మరొక పెట్టెలోనో ఉంటుంది. ఇంజను తెచ్చినవారు ఆ రెండవ పెట్టెను పాత బండిలోనే వదిలి వస్తారు. దీనిని కనిపెట్టడం సులభం. బ్యాటరీ తీసివేసి, 6, 14 కొసల మధ్య మల్టీమీటరుతో నిరోధం కొలవాలి. రెండు 120లు సమాంతరంగా ఉంటే 60 ఓములు చూపుతుంది. 120 చూపితే ఒకటి లోపించింది. లేని కొసన ఒక 120 ఓముల నిరోధాన్ని అమర్చాలి. సున్నాకు దగ్గరగా చూపితే రెండు తీగలు ఎక్కడో కలిసిపోయాయి.

ఎసరు పరీక్ష

సంకేతాలు వస్తున్నాయి, దీపం వెలగడం లేదు. ఇంతటితో పని ముగిసిందా? లేదు. తెగిన తీగను కంప్యూటరు తానే పట్టుకొంటుందని, అరకొరగా పనిచేసే అతుకును పట్టుకోలేదని పైన చూశాం. ఆ పని మనిషే చేయాలి. దానికి కావలసినది వంటింటి ఎసరే.

ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాతనే ఈ పని మొదలుపెట్టాలి. వేడి రేడియేటరు మూత తీయడం ప్రాణాంతకం. నీటి సెన్సారును ఊడదీసి శుభ్రంగా కడిగి, బండి తీగకు మళ్ళీ తగిలించాలి. తర్వాత దాని లోహపు కొనను మాత్రం తెర్లుతున్న నీటిలో ముంచాలి, ప్లగ్గు తడవరాదు. ఇంజను నడపకుండా తాళంచెవి మాత్రం త్రిప్పి స్కాన్ పరికరంలో అంకె చూడాలి. అల్ ఖువైర్ సముద్రమట్టానికి దగ్గరగా ఉన్నది కనుక అక్కడ నీరు 100 డిగ్రీల వద్ద తెర్లుతుంది. పరికరం కూడా దాదాపు 100 అనే చెప్పాలి. ముందు చెప్పిన 100 ఓముల అతుకు ఉన్నట్లయితే అది 84 అని చెబుతుంది. ఒక్క మెతుకు పట్టి చూస్తే అన్నం సంగతి తెలిసినట్లు, ఈ ఒక్క అంకెతో సెన్సారు, తీగ, అతుకు, భూమి, కంప్యూటరు అన్నింటి సంగతీ ఒకేసారి తెలుస్తుంది. ఈ పనికి పాత గిన్నె వాడి, దానిని మళ్ళీ వంటకు వాడకుండా వేరుగా ఉంచాలి. రేడియేటరులో కలిపే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం.

అంకె తగ్గితే ప్లగ్గులను ఒక్కొక్కటిగా కదిపి చూడాలి. ఏ ప్లగ్గు కదిపినపుడు అంకె ఎగిరిపడుతుందో దోషం అక్కడ ఉన్నది. పాడైన కొసను మార్చడమే సరియైన చికిత్స. చింతపండుతో తోమితే రాగి మెరుస్తుంది కాని, ఆమ్లం సందులలో మిగిలి మరునాటికి మరింత చిలుము తెస్తుంది!

దీపాన్ని ఆర్పడం, దోషాన్ని తీర్చడం

ఇట్టి పనిలో ఒక ప్రలోభం ఉన్నది. దీపం పదే పదే వెలుగుతుంటే, సెన్సారు బదులు ఒక నిరోధాన్ని తగిలించి కంప్యూటరుకు ఎల్లప్పుడూ 89 డిగ్రీలే కనబడేటట్లు చేయవచ్చు. దీపం ఆరిపోతుంది. జ్వరం చూసే థర్మామీటరును చల్లని నీటిలో ఉంచి, రోగికి జ్వరం తగ్గిందనడం వంటిదే ఇది. తుప్పు పట్టిన అతుకు తెలియక చేసే మోసాన్ని మనిషి తెలిసి చేసినట్లవుతుంది.

మరొక మాట. ఇంజను మార్చడానికి పూనుకొనే ముందే రాయల్ ఒమన్ పోలీసు ట్రాఫిక్ విభాగంలో నిబంధనలు విచారించుకొని, అనుమతి పొందడం మొదటి పని. భారతదేశంలో కూడా 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను వాహనాలలో మార్పులకు పరిమితులు విధించింది. అనుమతి లేని మార్పు వల్ల ప్రమాద సమయంలో భీమా కూడా చిక్కుల్లో పడవచ్చు.

ఏటా జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు సలాలాలో ఖరీఫ్ జల్లులు కురుస్తాయి. పచ్చని కొండలను, పొగమంచును చూడాలని మస్కట్‌లోని తెలుగు కుటుంబాలు పిల్లా పాపలతో బయలుదేరుతాయి. దాదాపు వేయి కిలోమీటర్ల దారి అది. ఆదం దాటిన తర్వాత హైమా, తుమ్రైత్ మీదుగా గంటల తరబడి ఎడారే. చెట్టు నీడ కూడా ఉండదు. ఆ దారిలో వ్యాను నడిపేవారు మీటరులో చూసే అంకె నిజమా కాదా అన్నది, సీట్ల క్రింద ఎవరికీ కనబడని ఒక అతుకు మీద ఆధారపడి ఉంటుంది. బయలుదేరే ముందు ఒక గిన్నెడు ఎసరు పెట్టి ఆ అతుకును అడిగి చూడడం, ప్రయాణానికి పులిహోర పొట్లాలు కట్టుకొన్నంత అవసరం.